కాలులో లోపం ఉన్న ఆవును చూడి కట్టించాలా, వద్దా?

వానాకాలం పనులు మొదలయ్యే ముందు కాగజ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో రైతులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. "సార్, పెయ్య మంచి వంశం. తల్లికి పుట్టిన కోడెలు ఊళ్లో అందరికీ తెలుసు. కానీ దీని వెనక కాలు సరిగా లేదు. ఎదకు వచ్చింది, ఏం చేయమంటారు?"

ఆవు ఎదలో ఉండేది ఒక రోజు కూడా కాదు. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. ఆ కొద్ది గంటల్లో కంగారుగా తీసుకున్న నిర్ణయం ఫలితం తొమ్మిదిన్నర నెలల తర్వాత కొట్టంలో కనిపిస్తుంది, పుట్టిన దూడ బతికినన్నాళ్లూ మనతో ఉంటుంది. అందుకే లోపం ఉన్న పశువు విషయంలో ఎదకు రాకముందే తీరికగా కూర్చుని ఆలోచించాలి. ఈసారి దాటిపోయినా నష్టం లేదు, 21 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది.

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని, పశువైద్యుణ్ణి కాను. పశువును చెయ్యి పెట్టి పరీక్షించి తుది మాట చెప్పవలసింది పశువైద్యులే. వారి దగ్గరకు వెళ్లే ముందు రైతు ఏమేం చూసుకోవాలి, ఏమేం అడగాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాను.

మన ప్రాంతంలో కాళ్ల సంగతి ఎందుకు ముఖ్యం?

దుక్కి ట్రాక్టరుతో అయిపోతోంది. కానీ పత్తి మొలిచాక సాళ్ల మధ్య గుంటుక తోలాలంటే ఇప్పటికీ ఎడ్లే కావాలి. నల్లరేగడి తడిసి ఉన్నప్పుడు ట్రాక్టరు దిగని చేలోకి ఎడ్లు దిగుతాయి. కలుపు తీసే కూలీల ఖర్చు పెరిగిన కొద్దీ జోడు ఎడ్లు ఉన్న రైతుకు ఆసరా పెరిగింది. మంచి జోడు కొనాలంటే ఎంత అవుతుందో అంగడికి వెళ్లి వచ్చిన వారికి చెప్పనక్కర లేదు. ఇంటి ఆవుకు పుట్టిన కోడెలే చేతికి అందివస్తే చిన్న రైతుకు అదే పెద్ద ఆదాయం.

మన దగ్గర ఎక్కువగా ఉన్నవి ఏ జాతికీ చెందని నాటు పశువులు. మహారాష్ట్ర సరిహద్దు కాబట్టి నాందేడ్ వైపు నుంచి వచ్చే ఎర్ర కంధారి, లాతూరు, బీదర్ వైపు దేవణి, వార్ధా వైపు గవళావ్ పోలికలున్న పశువులు కూడా అంగళ్లలో కనిపిస్తాయి. వీటన్నిటినీ రైతులు తరతరాలుగా పెంచుకున్నది ముఖ్యంగా పని కోసమే. పని చేసే పశువుకు కాళ్లే పెట్టుబడి. అందుకే పాడి ఆవులో పట్టించుకోకుండా వదిలేసే చిన్న వంకర కూడా ఎడ్ల కోసం పెంచే ఆవులో పెద్ద ప్రశ్న అవుతుంది.

నిర్ణయానికి మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు కావాలి. ఒకటి, ఈ లోపం దూడకు వస్తుందా? రెండు, ఈ ఆవు చూడిని మోసి, ఈని, లేవగలదా? మూడు, పుట్టే దూడ మనకు దేనికి కావాలి? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

మొదటి ప్రశ్న: లోపం దూడకు వస్తుందా?

ముందుగా లోపం పుట్టుకతో ఉందా, తర్వాత వచ్చిందా తేల్చుకోవాలి. తర్వాత వచ్చినవి దూడకు రావు. ఉదాహరణకు:

– చిన్నప్పుడు గోతిలో పడి, బండి తగిలి, ఇతర పశువు పొడిచి విరిగిన కాలు లేదా కుంగిన తుంటి.

– గాలికుంటు వచ్చి తగ్గాక వికారంగా పెరిగిన గిట్టలు. ఎప్పుడూ కట్టేసి ఉంచడం వల్ల అరగక పొడవుగా సాగిన గిట్టలు. వీటిని చెక్కిస్తే నడక చాలావరకు సరి అవుతుంది. చెక్కించకముందే నడక చూసి ఆవును తప్పుపట్టవద్దు.

– దూడగా ఉన్నప్పుడు పాలు చాలక, ఖనిజ లవణాలు అందక వంగిన కాళ్లు.

– ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు తాగడం వల్ల వచ్చే కుంటితనం. నల్గొండ జిల్లాలో మనుషులను పీడించిన ఈ సమస్య పశువులకూ వస్తుంది. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, ఎముకల మీద గడ్డలు, అదే నీళ్లు తాగే మిగతా పశువుల్లోనూ బిగుసుకుపోయిన నడక ఉంటే దీన్ని అనుమానించాలి. ఇది వంశం వల్ల రాదు. కానీ దూడ కూడా అవే నీళ్లు తాగితే దానికీ వస్తుంది, చూసేవారు వంశం అనుకుంటారు. ఇక్కడ మార్చవలసింది నీళ్లను.

ఇక పుట్టుకతో వచ్చినవన్నీ వంశపారంపర్యం అనుకోవడం కూడా పొరపాటే. కొన్ని దూడలు ముందరి కాళ్ల గిట్టలు వెనక్కి మడిచి పుడతాయి. తల్లి కడుపులో ఇరుకుగా ఉండటం వల్ల కూడా ఇలా జరుగుతుంది. తేలికపాటివి కొద్ది రోజుల్లో వాటంతట అవే, లేదా బద్దలు కట్టించి చూసుకుంటే సరి అవుతాయి. అలా సరి అయిన పెయ్యను పెద్దయ్యాక అనుమానించనక్కర లేదు.

వంశంలో నడిచే అవకాశం ఉన్నవి ఇవి: వెనక కాళ్లు కర్రల్లా మరీ నిటారుగా ఉండటం, లేదా కొడవలిలా ముందుకు వంగి ఉండటం, వెనక నుంచి చూస్తే మడమ కీళ్లు ఒకదానికొకటి రాసుకోవడం, వయసు వచ్చేసరికి గిట్ట ఒక పక్క మెలి తిరగడం, బొడ్డు దగ్గర పేగు జారిన ఉబ్బు, కింది దవడ పొట్టిగా లేదా పొడుగ్గా ఉండటం, అదనపు చన్నులు. ఈనే ముందు యోని బయటకు వచ్చే జబ్బు, అంటే మెయ్య దిగడం కూడా కొన్ని వంశాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య అయితే అసలు ఈ చర్చే అవసరం రాకపోవచ్చు. అలాంటి పెయ్యల్లో నూటికి తొంభైకి పైగా గొడ్డుగానే ఉంటాయి. కొనేటప్పుడు "ఇది కవలల్లో పుట్టిందా?" అని తప్పక అడగాలి.

వంశం సంగతి తేలాలంటే బంధువులను చూడాలి

ఒక్క పశువును ఎంతసేపు చూసినా లోపం వంశంలో ఉందో లేదో తెలియదు. దాని తల్లిని, తల్లి ఈనిన మిగతా దూడలను, ఇంటి నుంచి అమ్మేసిన కోడెలను, అదే ఆబోతుకు ఊళ్లో పుట్టిన దూడలను చూడాలి. దీనికి మన ప్రాంతంలో ఒక మంచి రోజు ఉంది. శ్రావణ మాసం చివర పొలాల అమావాస్య నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి ఊరంతా బయటకు తీస్తాం. మీ ఆవు సోదరులు, మేనమామలు అన్నీ ఆ రోజు ఒక్కచోటే నడుస్తాయి. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి వాటి నడక చూడండి. ఎవరి ఎద్దుకు ఏ కాలు ఇబ్బంది, ఏ వయసులో మొదలైంది అని యజమానిని అడగండి.

బంధువుల్లో ఇంకెక్కడా లోపం లేదు, ఈ ఆవుకు దెబ్బ తగిలిన జ్ఞాపకం ఉంది అంటే దూడకు వచ్చే భయం దాదాపు లేదు. తల్లికో అన్నదమ్ములకో అదే కాలు, అదే రకం ఇబ్బంది ఉంటే వంశంలో ఉందనే అనుకుని నడుచుకోవాలి. కొన్ని లోపాలు పైకి కనిపించకుండా తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉంటాయి. రెండు వైపుల నుంచీ కలిసినప్పుడే దూడలో బయటపడతాయి. అలాంటి జత నుంచి సగటున నాలుగింట ఒక దూడకు లోపం వస్తుంది. మొదటి దూడ బాగా పుట్టిందని లోపం లేదనుకోవడానికి వీల్లేదన్న మాట.

మోకాలి చిప్ప పట్టేయడం: ఎక్కువగా అడిగే కేసు

నా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం దీని గురించే. ఆవు పొద్దున లేచి నడవబోతే వెనక కాలు కర్రలా బిగుసుకుపోతుంది. గిట్ట కొసను నేల మీద ఈడుస్తూ నాలుగడుగులు వేస్తుంది. తర్వాత కాలు ఒక్కసారి కుదుపుతో పైకి లేచి వదులవుతుంది. కాసేపు నడిచాక మామూలుగా ఉన్నట్టే కనిపిస్తుంది. పడుకుని లేచినప్పుడు, చలి ఎక్కువగా ఉన్నప్పుడు మళ్లీ మొదలు. వాతం అనుకుని వాతలు పెట్టించిన వారిని కూడా చూశాను. వాతల వల్ల ఏ ప్రయోజనం లేదు, తోలు కాలడం తప్ప.

జరిగేది ఏమిటంటే, వెనక కాలి పైభాగంలో, తొడ ఎముక కింద మోకాలి చిప్ప ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే లోపలి వైపు నరం లాంటి పట్టీ తొడ ఎముక అంచుకు కొక్కెంలా తగులుకుంటుంది. తగులుకున్నంతసేపూ కాలు మడవలేదు. జారినప్పుడు కుదుపుతో వదులుతుంది. వెనక కాళ్లు మరీ నిటారుగా ఉన్న పశువుల్లో, బాగా బక్కచిక్కిన వాటిలో, తిండి తక్కువై పని ఎక్కువైన వాటిలో ఇది ఎక్కువ. బర్రెల్లోనూ ఉంటుంది.

దీనికి చికిత్స ఉంది. పశువైద్యులు ఆ చోట మత్తు ఇచ్చి లోపలి పట్టీని కోసి వదులు చేస్తారు. అనుభవం ఉన్న వైద్యుడికి కొద్ది నిమిషాల పని. చాలా పశువులు అక్కడికక్కడే మామూలుగా నడుస్తాయి. ఎద్దుకైతే ఇంతటితో కథ ముగిసినట్టే, మళ్లీ గుంటుక లాగుతుంది.

ఆవు విషయంలో మాత్రం అసలు ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. ఆపరేషన్‌తో కాలు సరి అయింది కానీ కాలి నిర్మాణం మారలేదు. నిటారు కాళ్లు వంశంలో ఉంటే దూడకూ ఆ నిర్మాణమే వస్తుంది. పైకి లోపం కనిపించదు కాబట్టి కొన్నాళ్లకు మనమే మరిచిపోతాం. ఆ ఆవు కొడుకును ఆబోతుగా వదిలేస్తాం. అందుకే ఆపరేషన్ చేయించిన ఆవు వివరం తప్పకుండా రాసిపెట్టుకోండి. పశువు చెవికి వేసే పన్నెండు అంకెల పోగు నంబరు పక్కన నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఒక్క ఊరటనిచ్చే సంగతి కూడా చెప్పాలి. ఆవు బక్కగా ఉన్న కాలంలోనే, అదీ మొదటిసారి ఈనిన తర్వాత చిప్ప పట్టడం మొదలై, మేత బాగుపడ్డాక తగ్గిపోతే, బంధువుల్లో ఎక్కడా లేకపోతే, దాన్ని వంశ దోషంగా లెక్కగట్టవద్దు. ముందు రెండు మూడు నెలలు మంచి మేత, రోజుకు 30 నుంచి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇచ్చి చూడండి. ఆ తర్వాత నిర్ణయించండి.

రెండో ప్రశ్న: ఈ ఆవు తట్టుకుంటుందా?

ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల ఏం జరుగుతుందో నా అనుభవమే చెబుతాను. సుమారు పదిహేనేళ్ల కిందట ఒక రైతు తన పెయ్యను చూపించాడు. దూడగా ఉన్నప్పుడు ఆటో తగిలి ఒక వైపు తుంటి కుంగింది. నడక కొంచెం వంకర, మిగతాదంతా బాగుంది. నేను చూసి, "దెబ్బ వల్ల వచ్చింది, దూడకు రాదు, కట్టించుకో" అన్నాను. చూడి కట్టింది. ఈనే రోజు దూడ తల వరకు వచ్చి ఆగిపోయింది. పశువైద్యుడు వచ్చి ఎంత కష్టపడినా దూడ దక్కలేదు. తల్లి మళ్లీ లేవలేదు. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. దూడకు రాదని నేను చెప్పింది నిజమే, కానీ అది సగం మాటే. కుంగిన తుంటి వెనక కటి ఎముకల దారి ఇరుకైపోయి ఉంటుందని, చెయ్యి పెట్టి పరీక్ష చేయించమని చెప్పవలసింది, చెప్పలేదు.

కాబట్టి దెబ్బ వల్ల వచ్చిన లోపమైనా సరే, తుంటికో నడుముకో సంబంధించినదైతే పశువైద్యునితో లోపలి పరీక్ష చేయించకుండా కట్టించవద్దు. దూడ దారి ఇరుకుగా ఉందని వైద్యుడు అంటే ఇక చర్చ లేదు. ఎంత మంచి వంశమైనా ఆ ఆవును కట్టించకూడదు.

ఇతర కాలి లోపాలకు బరువు లెక్క చూడాలి. దూడ ఎదుగుదలలో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఆ బరువంతా వెనక కాళ్ల మీద పడుతుంది. ఇప్పుడే కుంటుతున్న ఆవు అప్పుడు మేతకు వెళ్లలేదు, ఎక్కువసేపు పడుకునే ఉంటుంది, బక్కచిక్కుతుంది, ఈనాక లేవలేకపోతుంది. ఇవి గమనించండి:

– ఎవరూ లేపకుండా తనంతట తాను లేస్తుందా?

– మందతో పాటు మేతకు పోయి అదే వేళకు తిరిగి వస్తుందా, వెనకబడుతుందా?

– నాలుగు కాళ్ల మీద సమానంగా నిలబడుతుందా, ఒక కాలిని ఎప్పుడూ ఎత్తి పెడుతుందా?

– కీళ్లు ముట్టుకుంటే వేడిగా, వాపుగా ఉన్నాయా? వాపు, నొప్పి ఉన్నంతకాలం కట్టించవద్దు.

పెయ్య అయితే బరువు కూడా చూడాలి. అదే రకం పెద్ద ఆవు బరువులో కనీసం నూటికి అరవై పాళ్లు ఉండాలి. తూకం లేకపోయినా టేపుతో తెలుసుకోవచ్చు. ముందరి కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి దాన్ని దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని భుజం ముందు కొస నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో, అంగుళాల్లోనే, గుణించి 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. ఛాతీ 56 అంగుళాలు, పొడవు 46 అంగుళాలు ఉంటే సుమారు 218 కిలోలు. లోపం ఉన్న పెయ్యను ఒక ఏడాది ఆలస్యంగా కట్టించినా నష్టం లేదు, చిన్నదాన్ని కట్టిస్తే మాత్రం ఉన్న లోపం ముదురుతుంది.

మూడో ప్రశ్న: దూడ దేనికి?

ఇంటి పాల కోసం అయితే ఆవు పొదుగు, చూలు కట్టే గుణం ముఖ్యం. తేలికపాటి కాలి వంకర ఉన్నా సర్దుకోవచ్చు. ఎడ్ల కోసం అయితే కాళ్లు, గిట్టలే మొదటి లెక్క. కోడె పుట్టాక దాన్ని కాడికి కట్టేవరకు మూడేళ్లు మేపాలి. మూడేళ్ల మేత, శ్రమ పోశాక కాలు ఈడ్చే కోడె చేతికి వస్తే అంగడిలో కొనేవాడు ముందు చూసేది నడకనే. రెండడుగులు నడిపించి ధర సగానికి తెగ్గొడతాడు.

ఇక్కడే ఆవుకూ ఆబోతుకూ తేడా గుర్తుంచుకోవాలి. ఆవు ఏడాదికి ఒక దూడను ఇస్తుంది. దాని లోపం మన కొట్టం దాటదు. ఆబోతు ఒక్క ఏడాదిలో ఊళ్లోని దూడలన్నిటికీ తండ్రి అవుతుంది. అందుకే తేలికపాటి లోపం ఉన్న ఆవును కొన్ని షరతులతో కట్టించుకోవచ్చు, కానీ ఆ ఆవుకు పుట్టిన కోడెను, అది చూడటానికి ఎంత బాగున్నా, ఆబోతుగా వదలకూడదు. రెండేళ్లు నిండకముందే పశువైద్యశాలలో విత్తులు నొక్కించాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే లోపం ఊరికి పాకదు.

ఏ ఆబోతుతో కట్టించాలి?

తల్లి కాళ్లు మరీ నిటారుగా ఉన్నాయి కాబట్టి మరీ వంగిన కాళ్ల ఆబోతును వెతికితే దూడ కాళ్లు సమానంగా వస్తాయని కొందరి నమ్మకం. అలా జరగదు. కొన్ని దూడలు తల్లిలా, కొన్ని తండ్రిలా పుడతాయి, రెండు లోపాలూ మందలో చేరతాయి. వంకరకు మందు సరైన కాళ్లే. తల్లిలో ఎక్కడ లోపం ఉందో తండ్రి అక్కడ సరిగ్గా ఉండాలి.

ఊరి ఆబోతు అయితే ముందుగా అది మన ఆవుకు తండ్రో అన్నో కాదని తేల్చుకోవాలి. ఊళ్లలో ఒకే ఆబోతు ఆరేడేళ్లు తిరుగుతుంది. తన కూతుళ్లనే దాటుతుంది. దాగి ఉన్న లోపాలు బయటపడేది ఇలాంటి కలయికల్లోనే.

కృత్రిమ గర్భధారణ అయితే పరీక్షించి ఎంపిక చేసిన ఆబోతుల వీర్యం వస్తుంది. మన పాత ఉమ్మడి జిల్లాల పక్కనే కరీంనగర్‌లో ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. గోపాలమిత్రను లేదా పశువైద్యశాలను "ఏ జాతి ఉంది, ఆబోతు నంబరు ఎంత" అని అడిగి రాసుకోండి. వచ్చే ఈతకు వేరే నంబరు అడగడానికి, పుట్టిన దూడను అదే ఆబోతుతో మళ్లీ కట్టించకుండా ఉండటానికి ఈ నంబరు పనికొస్తుంది.

చిన్న నాటు పెయ్యకు హోల్‌స్టీన్ లాంటి పెద్ద జాతి సూది వేయించవద్దు. దూడ పెద్దదై ఈనడం కష్టమవుతుంది. కాలిలో బలం లేని ఆవుకు కష్టమైన ఈత ప్రాణాంతకం. పాల కోసం సంకరం కావాలంటే జెర్సీ దూడ చిన్నదిగా పుడుతుంది. ఎడ్ల కోసం అయితే మన నేలకు, ఎండకు అలవాటైన దేశీ జాతులే మేలు. ఆడదూడలే ఎక్కువగా పుట్టే లింగ నిర్ధారిత వీర్యంతో నూటికి సుమారు తొంభై పెయ్యలే వస్తాయి. ఎడ్ల కోసం చూసే రైతుకు అది పనికిరాదు, పాల కోసం చూసే వారికి ఉపయోగం.

నిర్ణయం ఇలా తీసుకోండి

కట్టించవచ్చు: దెబ్బ, మేత లోపం, గిట్టలు పెరగడం వల్ల వచ్చిన ఇబ్బంది, బంధువుల్లో లేదు, తుంటి, కటి బాగున్నాయని వైద్యుడు చెప్పాడు, ఆవు తనంతట తాను లేచి మందతో తిరుగుతోంది. మామూలు ఆవులాగే కట్టించండి.

షరతులతో కట్టించవచ్చు: తేలికపాటి కాలి వంకర లేదా ఆపరేషన్‌తో సరి అయిన మోకాలి చిప్ప, వంశంలో ఒకటి రెండు చోట్ల ఉంది, ఆవుకు చూలు నిలిచే గుణం, పాలు, నెమ్మది వంటి వదులుకోలేని మంచి గుణాలున్నాయి. కాళ్లు బాగున్న, బంధుత్వం లేని ఆబోతుతో మాత్రమే కట్టించండి. కోడె పుడితే విత్తులు నొక్కించండి. పెయ్య పుడితే మూడేళ్లు కాళ్లు గమనించి గానీ దాన్ని కట్టించవద్దు. రెండు ఈతల్లో రెండు దూడలకూ లోపం వస్తే అక్కడితో ఆపండి.

కట్టించవద్దు: దూడ దారి ఇరుకుగా ఉంది, లేపితే గానీ లేవదు, కీళ్లలో నొప్పి తగ్గడం లేదు, తల్లిలోనూ తోబుట్టువుల్లోనూ అదే లోపం గట్టిగా ఉంది, ఈనే ముందు మెయ్య దిగడం ప్రతి ఈతకూ వస్తోంది, ఒకటికి మించి లోపాలున్నాయి.

"ఒక్క ఈత చూద్దాం సార్" అనే మాట చాలామంది అంటారు. రెండో రకం ఆవుకు అది సరైన మాటే. మూడో రకం ఆవుకు ఆ ఒక్క ఈతే ఆఖరిది కావచ్చు.

కట్టించాక జాగ్రత్తలు

చూడి నిలిచిందో లేదో మూడు నెలలకు పరీక్ష చేయించండి. ఆవుకు చూడి కాలం సుమారు 280 నుంచి 290 రోజులు. కట్టించిన తేదీ గోడ మీదో క్యాలెండర్ మీదో రాసి, ఈనే తేదీ లెక్క వేసుకోండి. కాలు బలహీనంగా ఉన్న ఆవు కింద బండల నేల ఉండకూడదు. మట్టి నేల మీద పొడి గడ్డి పరిచి, వానలో జారకుండా చూడాలి. ఊరి దగ్గరే మేపాలి, గుట్టల మీదికి తోలవద్దు. చూడి ఆవు బక్కచిక్కకూడదు, అలాగని మరీ కొవ్వెక్కకూడదు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు. ఏడో నెల నుంచి దాణా పెంచండి.

ఈనే రోజుల్లో రాత్రి ఒకరు కనిపెట్టి ఉండాలి. ఉమ్మనీటి సంచి పగిలాక గంట దాటినా దూడ ముందుకు రాకపోతే ఊళ్లో నలుగురు కలిసి తాడు కట్టి లాగడం కాదు, పశువైద్యుణ్ణి పిలవాలి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. మా ప్రాంతంలో వానాకాలం వాగులు పొంగితే వాహనం రావడం ఆలస్యమవుతుంది. అందుకే ఇలాంటి ఆవును వానల నడుమ ఈనకుండా లెక్క చూసి కట్టించడం మేలు. కార్తీకం, మార్గశిరంలో ఈనాలంటే మాఘం, ఫాల్గుణంలో కట్టించాలి. అప్పుడు దారులు పొడిగా ఉంటాయి, చేలో మేతా దొరుకుతుంది.

కట్టించకూడదని తేలితే?

చూలు కట్టని ఆవును ఊరికే మేపలేమన్నది రైతు బాధ. అది నిజమైన బాధే. పేడ, మూత్రం ఎరువుకు, జీవామృతానికి పనికొస్తాయి. కానీ దాని మేత ఖర్చు అంతటితో తీరుతుందని నేను చెప్పను. అమ్మదలచుకుంటే లోపం చెప్పి అమ్మండి. దాచి అమ్మిన ఆవు పక్క ఊళ్లో చూడి కడుతుంది, దాని కోడె నాలుగేళ్లకు మన అంగడికే తిరిగి వస్తుంది. ఎవరికి తెలుసు, కొనేది మన అన్నదమ్ములే కావచ్చు.

పెళ్లి ఊరేగింపుల కోసం గుర్రాలు పెంచుతున్న వారు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు. ఆడ గుర్రానికీ ఇవే మూడు ప్రశ్నలు వర్తిస్తాయి. మోకాలి చిప్ప పట్టడం గుర్రాల్లోనూ ఇదే విధంగా వస్తుంది. గుర్రం పదకొండు నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది, అది సవారీకి రావాలంటే ఇంకా మూడేళ్లు పట్టాలి. మనిషిని మోయవలసిన జంతువు కాబట్టి కాళ్ల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి.

మొన్న ఒక రైతు తన ఆవును తీసుకుని వచ్చాడు. వెనక కాలు ఈడుస్తోంది. ఈ మూడు ప్రశ్నలూ వరుసగా అడిగాను. తల్లి బాగుంది, అన్న ఎద్దు ఒకటి ఆపరేషన్ చేయించుకుని గుంటుక లాగుతోంది, ఆవు తనంతట తాను లేస్తుంది, దూడ ఎడ్ల కోసం. కటి పరీక్షకు పశువైద్యశాలకు పంపాను. ఆపరేషన్ తర్వాత మేత బాగుచేసి, మాఘంలో కట్టిద్దామని, కోడె పుడితే విత్తులు నొక్కించాలని అనుకున్నాం. ఆ షరతు ఆయన చేతే నోటుపుస్తకంలో రాయించాను. దూడ చూడముచ్చటగా పుట్టినప్పుడే ఈ మాట మరిచిపోయే ప్రమాదం ఎక్కువ.